పేరు లేని ప్రాణి చేతులు: బోరిస్ కార్లాఫ్ ఎలా భయపెట్టాడు?

1931 నవంబరులో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమా మొదట్లో తారాగణం పేర్లు పడతాయి. హెన్రీ ఫ్రాంకెన్‌స్టైన్‌గా కోలిన్ క్లైవ్, ఎలిజబెత్‌గా మే క్లార్క్, విక్టర్‌గా జాన్ బోల్స్. నాలుగో వరుసలో 'ది మాన్‌స్టర్' అని ఉంటుంది. దాని ఎదురుగా పేరు ఉండదు, ప్రశ్న గుర్తు ఒక్కటే ఉంటుంది. ఆ వేషం వేసిన మనిషి అప్పటికే దాదాపు 80 సినిమాల్లో చిన్నాచితకా పాత్రలు చేశాడు. వయసు 44కి దగ్గర పడింది. తొలి ప్రదర్శనకు స్టూడియో వాళ్లు ఆయన్ని పిలవనే లేదు. బొమ్మ అయిపోయాక చివర్లో మరోసారి వేసే పట్టికలో మాత్రం పేరు కనిపిస్తుంది: బోరిస్ కార్లాఫ్.

ఇవాళ ఆ ముఖం తెలియనివాళ్లు తక్కువ. చదునైన తల, సగం మూసిన కళ్లు, మెడకు రెండు పక్కలా ఇనుప ముక్కలు. సినిమా చూడని పిల్లలు కూడా బొమ్మ చూడగానే గుర్తుపడతారు. అయితే ఆ ముఖం చుట్టూ చిక్కుముడులు కూడా చాలానే ఉన్నాయి. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది దాని పేరా, దాన్ని తయారు చేసినవాడి పేరా? ఒళ్లు ఆకుపచ్చగా ఉంటుందా? అది పుట్టుకతోనే చెడ్డదా, మనుషులు చెడగొట్టారా? మొదటి రెండు ముడులూ తేలిగ్గానే విడిపోతాయి. మూడోది ఆ సినిమాలోపలే పడిన ముడి. స్క్రిప్టు దాన్ని విప్పలేదు. కార్లాఫ్ చేతులు విప్పాయి. నన్ను మళ్లీ మళ్లీ ఆ సినిమా దగ్గరికి లాక్కెళ్లేది ఆ చేతులే.

ముందు పేరు సంగతి. ఫ్రాంకెన్‌స్టైన్ అంటే శవాల ముక్కలు కుట్టి ప్రాణం పోసిన శాస్త్రవేత్త. ఆ ప్రాణికి నవలలోనూ పేరు లేదు, సినిమాలోనూ లేదు. తెలుగులో దాన్ని ఏమని పిలవాలో నాకు ఎప్పుడూ తేలదు. దెయ్యం అందామంటే, చచ్చినవాళ్ల ఆత్మ దెయ్యం. దానికి ఒళ్లుండదు. రాక్షసుడు అందామంటే, రాక్షసుడికి వంశం ఉంటుంది, తల్లీతండ్రీ ఉంటారు, వరాలూ ఉంటాయి. మనకున్నవాటిలో కాస్త దగ్గరగా వచ్చేది బేతాళుడు: శవంలో ఉండే ప్రాణం. కానీ బేతాళుడు మహా మాటకారి. విక్రమార్కుడి భుజం మీద వేలాడుతూనే కథ చెప్పి, చిక్కు ప్రశ్న వేసి, ఎగిరిపోతాడు. నిజానికి మేరీ షెల్లీ 1818లో అచ్చువేసిన నవలలోని ప్రాణి కూడా ఇలాంటిదే. అది పుస్తకాలు చదువుతుంది, తనను పుట్టించినవాడితో గంటల తరబడి వాదిస్తుంది. 1931 సినిమా ఆ నోరు నొక్కేసింది. తెర మీదున్న ప్రాణికి మాట రాదు, వెనకటి జ్ఞాపకం లేదు. నిన్న రాత్రి పుట్టిన పసిబిడ్డను పెద్ద మనిషి ఒంట్లో పెట్టినట్టుంటుంది. అందుకే నేను దాన్ని ప్రాణి అనే అంటాను.

రంగు సంగతి ఇంకా తేలిక. సినిమా నలుపు తెలుపు. యూనివర్సల్ స్టూడియో మేకప్ మనిషి జాక్ పియర్స్ కార్లాఫ్ ముఖానికి ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు పూశాడు. ఆనాటి ఫిల్మ్ మీద అది పాలిపోయిన శవం రంగులా పడుతుంది, అందుకే. తర్వాత పోస్టర్లు, బొమ్మలు, ముసుగులు తయారు చేసినవాళ్లు తెర మీద కనిపించిన పాలిపోయిన రంగును వదిలేసి ఆకుపచ్చను పట్టుకున్నారు.

పియర్స్ పనితనం గురించి కాస్త ఆగి చెప్పాలి. భయంకరంగా ఉండాలి కదా అని ఆయన తోచిందల్లా అంటించలేదు. ప్రతిదానికీ కారణం వెతికాడు. మెదడు మార్చాలంటే పుర్రెను పైనుంచి డబ్బా మూతలా కోసి తెరవాలి, కాబట్టి తల చదునుగా ఉండాలి. నుదుటి మీద ఆ కోత గుర్తు ఉండాలి. కరెంటు ఎక్కించి లేపారు కాబట్టి అది ఎక్కడినుంచో లోపలికి పోవాలి. మెడ దగ్గర కనిపించేవి మనం అనుకున్నట్టు బోల్టులు కావు, కరెంటు ఎక్కడానికి పెట్టిన ముక్కలు. కోటు చేతులు పొట్టిగా కుట్టించారు, మణికట్లు బయటికి పొడుచుకొచ్చి చేతులు పొడుగ్గా కనిపించాలని. బూట్లు ఒక్కొక్కటి ఐదారు కిలోలు. పియర్స్, కార్లాఫ్ ఇద్దరూ కలిసి సాయంత్రాలు కూర్చుని, దాదాపు మూడు వారాలు ఆ ముఖం మీద పనిచేశారు. అంతా అయ్యాక కార్లాఫ్‌కే ఒక లోపం కనిపించింది: కళ్లు మరీ చురుగ్గా ఉన్నాయి, అన్నీ తెలిసినవాడి కళ్లలా ఉన్నాయి. రెప్పల మీద మైనం పెట్టి వాటిని బరువుగా వాల్చారు. తన నోట్లో పెట్టుడు పళ్లుంటే వాటిని తీసేసి, ఒక పక్క బుగ్గ లోపలికి పోయేలా చేసుకున్నాడు. రోజూ ఈ మేకప్‌కే దాదాపు నాలుగు గంటలు పట్టేది. అంత మందం కింద కూడా ముఖం కదిలిందంటే, పియర్స్ ఎక్కడ పూయకుండా వదిలేశాడో గమనించాలి. బుగ్గలూ పెదాలూ చాలావరకు నటుడికే వదిలేశాడు.

ఇప్పుడు అసలు ముడి. సినిమాలో ఒక సంఘటన ఉంటుంది. హెన్రీ కోసం మెదడు తేవడానికి గూని సేవకుడు ఫ్రిట్జ్ వైద్య కళాశాలలో దూరతాడు. మంచి మెదడున్న సీసా చేతిలోంచి జారి పగులుతుంది. పక్కనున్న నేరస్థుడి మెదడు పట్టుకొస్తాడు. ఇది నవలలో లేదు. దీంతో కథ తేలికైపోయింది: మెదడు చెడ్డది కాబట్టి ప్రాణి హంతకుడు అయ్యింది, ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. ప్రేక్షకుడికి స్క్రిప్టు చెప్పేది ఇదే.

ఆ తర్వాత ప్రాణి తెర మీదికి వస్తుంది. తలుపు తెరుచుకుని వెనక్కి నడుస్తూ వస్తుంది, మెల్లగా మనవైపు తిరుగుతుంది. దర్శకుడు జేమ్స్ వేల్ ఆ ముఖాన్ని ఒకదాని వెనక ఒకటి, మరింత దగ్గరగా చూపిస్తాడు. వెనక సంగీతం లేదు. మొదలూ చివరా తప్ప ఆ సినిమాలో సంగీతం లేనట్టే. హెన్రీ దాన్ని కూర్చోమంటాడు, కూర్చుంటుంది. పైకప్పు కిటికీ తెరుస్తాడు. వెలుతురు ముఖం మీద పడుతుంది. పుట్టాక అది చూసిన మొదటి వెలుతురు అదే. ప్రాణి లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తుతుంది, వెలుతురును పట్టుకోవాలన్నట్టు. కిటికీ మూసేస్తారు. అప్పుడు ఆ చేతులు హెన్రీ వైపు తిరుగుతాయి, అరచేతులు తెరుచుకుని. "ఇంకాస్త" అని అడిగే పిల్లాడి చేతులు. అంతలో ఫ్రిట్జ్ కాగడాతో వచ్చి దాని ముఖం మీదికి మంట పెడతాడు. అప్పుడు మొదటిసారి అది అరుస్తుంది.

నేరస్థుడి మెదడు కథ నాకు అక్కడే కూలిపోతుంది. కార్లాఫ్ ఒక్క మాట లేకుండా స్క్రిప్టు చెప్పినదాన్ని కాదన్నాడు. దెబ్బలు తిన్నాకే అది కొట్టింది, గొలుసులు వేశాకే చంపింది. సినిమా ఒకేసారి రెండు మాటలు చెబుతోంది, ప్రేక్షకుడు నమ్మింది నటుడి మాటనే. ఈ సినిమా భయం మిగతావాటికంటే ఎక్కువ కాలం నిలవడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. దేన్ని చూసి భయపడుతున్నామో, దాన్ని చూసే జాలిపడాల్సి రావడం మనసుకు నెమ్మది లేకుండా చేస్తుంది.

చెరువు గట్టు సన్నివేశంతో సెన్సారు ఈ ముడిని మరింత బిగించింది. మరియా అనే చిన్నపిల్ల ప్రాణిని చూసి భయపడదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకుంటుంది, పూలిస్తుంది. ఇద్దరూ ఒక్కో పువ్వునూ నీళ్లలోకి విసురుతారు, అవి తేలుతూ పోతాయి. ప్రాణి నవ్వుతుంది. పూలు అయిపోతాయి. అది ఖాళీ చేతులు చూసుకుని, పిల్లను ఎత్తి నీళ్లలోకి విసురుతుంది, పువ్వులాగే తేలుతుందనుకుని. తేలదు. ఏం జరిగిందో అర్థం కాక గట్టున తడబడుతూ, పొదల్లోకి పారిపోతుంది. మరీ ఘోరంగా ఉందని ఆ ముక్కను కత్తిరించారు. కోసిన ప్రతిలో ప్రాణి పిల్లవైపు చేతులు చాపడంతో సీను ఆగిపోతుంది. కాసేపటికి తండ్రి బిడ్డ శవాన్ని చేతుల మీద మోసుకుంటూ ఊళ్లోకి వస్తాడు. మధ్యలో ఏం జరిగిందో చూసేవాళ్లు ఊహించుకోవాలి, ఊహకు వచ్చేది జరిగినదానికంటే ఎంతో నీచమైనది. పిల్లాడి పొరపాటును కత్తెర పెద్దవాడి నేరంగా మార్చింది. దశాబ్దాలపాటు జనం చూసింది ఆ ప్రతినే. కోసిన ముక్క 1980లలో గానీ మళ్లీ సినిమాలో చేరలేదు.

మరి ఆ చేతులు ఎక్కడినుంచి వచ్చాయి? కార్లాఫ్ అసలు పేరు విలియమ్ హెన్రీ ప్రాట్. 1887 నవంబరు 23న లండన్‌లో పుట్టాడు, తొమ్మిదిమందిలో ఆఖరివాడు. తండ్రి ఎడ్వర్డ్ ప్రాట్ భారతదేశంలో బ్రిటిష్ ప్రభుత్వపు ఉప్పు పన్ను శాఖలో పనిచేశాడు. తల్లి ఎలైజాకు పిన్నమ్మ వరస అయ్యే అన్నా లియోనొవెన్స్ మన దేశంలోనే పుట్టి, తర్వాత సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లిన మనిషి. ఈ కుటుంబంలో భారతీయ రక్తం ఉందని పరిశోధకులు భావిస్తారు. కార్లాఫ్ ఒంటి చాయ కూడా ఆ మాటే చెప్పేది. అన్నలు దౌత్య ఉద్యోగాల్లోకి వెళ్లారు. వాళ్లలో ఒకరైన జాన్ ప్రాట్ చైనాలో బ్రిటిష్ రాయబార ఉద్యోగి. చిన్నవాడూ అదే దారిన వెళ్లాలని ఇంట్లో కోరిక. అతను మాత్రం 1909లో కెనడా ఓడ ఎక్కాడు. అక్కడ కూలిపనులు చేశాడు, ఊరూరా తిరిగే నాటక బృందాల్లో చేరి పేరు మార్చుకున్నాడు. హాలీవుడ్ వచ్చాక కూడా వేషాలు దొరకని రోజుల్లో లారీ నడిపి, బరువులు మోసి బతికాడు. మూకీల్లో ఆయనకిచ్చిన వేషాలు కూడా ఆ చాయను బట్టే ఎక్కువగా ఉండేవి: అరబ్బులు, దొంగలు, 'తూర్పుదేశం' దుర్మార్గులు.

ప్రాణి నడకలో నాకు కనిపించేది ఆ కూలి మనిషి. బరువు మోసీ మోసీ వాలిన భుజాలు, పొట్టైన కోటు, అరువు బూట్లు. 1931 అమెరికాలో పని పోయి రోడ్డున పడినవాళ్లు ఊరి పొలిమేరల్లో అలాగే కనిపించేవారు, జనం వాళ్లను అలాగే తరిమేవారు. సినిమా చివర్లో ఊరు ఊరంతా కాగడాలు పట్టుకుని ఆ ప్రాణి వెంట పడుతుంటే నాకు ప్రాణి మీదకంటే ఊరి మీదే ఎక్కువ భయం వేస్తుంది.

ఆ సినిమా ఆయన ఒంటిని కూడా పిండేసింది. ఎండాకాలం షూటింగు, అంత బరువున్న బట్టలు. ఒక పగలు మొదలైన పని మర్నాటి దాకా సాగిన సందర్భమూ ఉంది. గాలిమర సీను కోసం కోలిన్ క్లైవ్‌ను భుజాన వేసుకుని మళ్లీ మళ్లీ కొండ ఎక్కాల్సి వచ్చింది. ఆ నడుం నొప్పి జీవితాంతం వదల్లేదు. 1933లో నటులు తమ సంఘం, స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్, పెట్టుకున్నప్పుడు మొదటి వరుసలో నిలిచినవాళ్లలో కార్లాఫ్ ఒకడు. సభ్యత్వ సంఖ్య 9. స్టూడియోలకు తెలిస్తే వేషాలు పోతాయన్న భయం ఉన్న రోజులవి. సినిమా మొదట్లో తెర మీద పేరు కూడా దక్కని మనిషి రెండేళ్లు తిరిగేసరికి మిగతావాళ్ల పనిగంటల కోసం నిలబడ్డాడు. ఆయన గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

1932లో వచ్చిన 'ది మమ్మీ' గురించి కూడా ఒక అపోహ ఉంది. గుడ్డపేలికలు చుట్టుకున్న శవం చేతులు చాపి సినిమా అంతా నడుస్తుందని చాలామంది అనుకుంటారు. అది 1940ల్లో వేరే నటులతో తీసిన సినిమాల సంగతి. కార్లాఫ్ పేలికల్లో కనిపించేది మొదటి కొద్ది నిమిషాలే. కుర్ర పురావస్తు శాస్త్రవేత్త పాత పత్రం మీది మంత్రం గొణుగుతుంటాడు. శవపేటికలోని మమ్మీ కళ్లు సన్నగా తెరుచుకుంటాయి. ఒక చెయ్యి కిందికి జారుతుంది. తర్వాత మనకు కనిపించేది పత్రాన్ని అందుకునే చెయ్యి, నేల మీద ఈడ్చుకుపోతున్న పేలిక చివర, పిచ్చిపట్టి నవ్వుతున్న కుర్రాడు, అంతే. నడక చూపించలేదు. అంత గొప్ప మొదలు హారర్ సినిమాల్లో నేను ఇంకోటి చూడలేదు.

మిగతా సినిమా అంతా కార్లాఫ్ ముడతల ముఖంతో, పొడుగాటి అంగీతో, మెత్తటి గొంతుతో మాట్లాడే ఈజిప్టు పెద్దమనిషిగా ఉంటాడు. ఆ సినిమా రాసిన జాన్ బాల్డర్‌స్టన్ 1920ల్లో ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖమున్ సమాధి వార్తలు రాసిన విలేకరి, అందుకే ఆ తవ్వకాల వాతావరణం అంత బాగా కుదిరింది. ఒకచోట ఆ పెద్దమనిషి ఇంగ్లిషు తవ్వకందార్లతో అంటాడు: మా పాత శవాలను తవ్వుకునే హక్కు ఈజిప్షియన్లమైన మాకు లేదు, విదేశీ మ్యూజియాలకే ఉంది. దాన్ని ఆయన ఎంతో మర్యాదగా అంటాడు. తండ్రి బ్రిటిష్ కొలువులో ఉప్పు పన్ను వసూలు చేసిన మనిషి, తనలోని భారతీయ మూలాన్ని బయటికి చెప్పుకోలేని కొడుకు. ఆ నోట ఆ మాట వింటే నాకు మెడ వెనక చల్లగా అవుతుంది. అదే సంవత్సరం ఆయన ఫూ మంచూ అనే చైనా దుర్మార్గుడి వేషం కూడా వేశాడు. చైనావాళ్ల మీద ద్వేషాన్ని అమ్ముకున్న సినిమా అది. దాన్ని సమర్థించడానికి నా దగ్గర మాటల్లేవు.

1935లో వేల్, కార్లాఫ్ మళ్లీ కలిసి 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' తీశారు. ఈసారి ప్రాణికి మాటలు పెట్టారు. కార్లాఫ్‌కు అది ఇష్టం లేదు, మౌనంలోనే దాని బలం ఉందన్నాడు. ఇక్కడ మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. అడవిలో గుడిసె, లోపల ఫిడేలు వాయిస్తున్న గుడ్డి ముసలాయన. ముఖం కనిపించదు కాబట్టి భయం లేదు. ప్రాణికి రొట్టె పెడతాడు, మంచం మీద పడుకోబెడతాడు, ఒంటరితనం పోగొట్టావని దేవుడికి దండం పెడతాడు. ప్రాణి కంట్లోంచి ఒక నీటిచుక్క జారుతుంది. తర్వాత అది నేర్చుకునే మొదటి మాటల్లో 'స్నేహితుడు' ఒకటి. ఆ మాట లేకపోతే, కళ్లున్నవాళ్లు వచ్చాక జరిగిన గొడవలో ఆ గుడిసె తగలబడిపోయినప్పుడు మనకు అంత బాధ కలగదు.

ఆ తర్వాత కాలం మారింది. 1934 నుంచి అమెరికాలో సెన్సారు నియమాలు బిగిశాయి, బ్రిటన్‌లో హారర్ బొమ్మల మీద ఆంక్షలు పెరిగాయి, 1936లో యూనివర్సల్ చేతులు మారింది. రెండేళ్లపాటు హాలీవుడ్‌లో హారర్ దాదాపు ఆగిపోయింది. 1938లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక థియేటరు పాత 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' కలిపి వేస్తే జనం విరగబడ్డారు. దాంతో 1939లో మూడో ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా వచ్చింది. కార్లాఫ్ ఆ వేషం కట్టిన ఆఖరి సినిమా అదే. ప్రాణి రానురాను ఉత్త బొమ్మైపోతుందని ఆయనకు అర్థమైంది. అలాగే అయింది.

ఆయన్ని మళ్లీ నిలబెట్టింది ఆర్‌కేఓ స్టూడియోలో చిన్న బడ్జెట్లతో నీడలూ శబ్దాలతోనే భయం పుట్టించే నిర్మాత వాల్ ల్యూటన్. ఇద్దరూ కలిసి చేసిన మూడింటిలో రాబర్ట్ వైజ్ తీసిన 'ది బాడీ స్నాచర్' నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. 1831 ఎడిన్‌బరో. కార్లాఫ్ గుర్రబ్బండి తోలే గ్రే. పగలు బండి, రాత్రి వైద్య కళాశాలకు శవాల సరఫరా. తవ్వడానికి సమాధులు దొరకనప్పుడు బతికున్నవాళ్లను వెతుక్కుంటాడు. వీధిలో పాడుకునే ఒక అమ్మాయి చీకటి కమాను కిందుగా నడిచిపోతుంది. పాట వినిపిస్తూనే ఉంటుంది. వెనకాలే గ్రే బండి మెల్లగా అదే చీకట్లోకి వెళ్తుంది. కెమెరా కదలదు. పాట సగంలో ఆగిపోతుంది. అంతే, ఇంకేమీ చూపించరు. ఈసారి ఆ ముఖానికి బరువైన మేకప్ లేదు, నవ్వు ఉంది. తనకంటే పెద్ద హోదాలో ఉన్న డాక్టరును అల్లరి పెడుతూ గ్రే నవ్వే ఆ నవ్వులో, ఏళ్ల తరబడి ఒకరి మురికిపని చేసిపెట్టి గుర్తింపు దక్కని మనిషి కోపం ఉంటుంది. ఇక్కడ కూడా జాలి, భయం విడదీయరానివే. కాకపోతే గ్రే నిజంగానే చెడ్డవాడు, అది తెలిసి కూడా మనం అతని వైపు వాలుతుంటాం.

చివరిగా 'టార్గెట్స్' గురించి చెప్పాలి. 1968. కార్లాఫ్ నిర్మాత రోజర్ కోర్మన్‌కు రెండు రోజుల పని బాకీ ఉన్నాడు. ఆ రెండు రోజులు వాడుకుని సినిమా తియ్యమని కోర్మన్ పీటర్ బోగ్డనోవిచ్ అనే కుర్రాడికి చెప్పాడు. స్క్రిప్టు కార్లాఫ్‌కు నచ్చి అంతకంటే ఎక్కువ రోజులే పనిచేశాడు. అప్పటికి ఆయనకు దాదాపు 80 ఏళ్లు. ఊపిరితిత్తులు సగం పోయాయి, కాలికి పట్టీ. అందులో ఆయన బైరన్ ఓర్లాక్ అనే ముసలి హారర్ నటుడు. తన సినిమాలు చూసి ఇప్పుడెవరూ భయపడరని, పేపర్లలో వచ్చే హత్యలే అసలు హారర్ అని విరమించుకోవాలనుకుంటాడు. ఇంకో పక్క మంచి ఇల్లు, మంచి కుటుంబం ఉన్న ఒక కుర్రాడు కారణం లేకుండా తుపాకులు కొంటుంటాడు. 1966లో టెక్సస్ విశ్వవిద్యాలయం గోపురం మీదినుంచి ఒకడు జనాన్ని కాల్చి చంపిన ఘటన ఆ పాత్రకు ఆధారం.

కార్లలో కూర్చునే చూసే ఆరుబయటి థియేటరులో ఓర్లాక్ సినిమా ఆడుతోంది. తెర వెనక దాక్కున్న కుర్రాడు, తెరకు పెట్టిన కన్నంలోంచి ప్రేక్షకులను కాలుస్తున్నాడు. ముసలి ఓర్లాక్ కర్ర పట్టుకుని అతనివైపు నడుస్తాడు. కుర్రాడు తల తిప్పితే తెర మీద ఓర్లాక్ వస్తున్నాడు, ఇటు తిప్పితే నేల మీద ఓర్లాక్ వస్తున్నాడు. ఎవరిని కాల్చాలో తెలియక రెండు వైపులా కాలుస్తాడు. దగ్గరికొచ్చిన ముసలాయన కర్రతో తుపాకీ ఎగరగొట్టి, చెంప మీద కొడతాడు, అల్లరి పిల్లాడిని కొట్టినట్టు. కుర్రాడు గోడవారగా ముడుచుకుపోతాడు. 1931లో వెలుతురు కోసం పైకి లేచిన చెయ్యే అది, వణుకుతోంది. ఓర్లాక్ ఆ కుర్రాణ్ని చూస్తూ, ఇన్నాళ్లూ నేను భయపడింది దీనికేనా అంటాడు.

మరుసటి సంవత్సరం, 1969 ఫిబ్రవరి 2న, ఇంగ్లండులో కార్లాఫ్ చనిపోయాడు.